అచ్చియ్యమ్మ తలలో అరవై మూడు పెట్టెలు

డ్యూటీ పుస్తకం. నాలుగో నంబరు బల్ల, మెదడు క్లియరెన్సు విభాగం, కొత్తకోరంగి కస్టమ్స్ హౌసు. రాసేది సంగాని నూకరత్నం, ప్రివెంటివ్ ఆఫీసర్, సర్వీసు ముప్పై ఒక్క ఏళ్లు. రాసింది కొట్టెయ్యడం నాకు అలవాటు లేదు.

సోమవారం, ఉదయం 8.10

పోటుకి నీళ్లు పదో మెట్టు దాకా వచ్చాయి. పడవను నేరుగా వరండా స్తంభానికే కట్టారు. చెప్పులు తడవకుండా డ్యూటీకి రావడం ఈ నెలలో ఇదే మొదటిసారి.

నా బల్ల మీద కొత్త యంత్రం పెట్టారు. ఇన్నాళ్లూ మీటలు నొక్కేవాళ్లం, ఇకనుంచి నోటితో చెబితే చాలట. ముందు నాలుగో నంబరు బల్లకే ఎందుకిచ్చారని మిగతా బల్లల వాళ్లు మూతులు ముడుచుకున్నారు. ఎందుకిచ్చారో నాకు తెలుసు. ఈ హాల్లో అందరికంటే వేగంగా పెట్టెలు తేల్చేది నేను. గొప్పలు పోతున్నానని ఎవరికైనా అనిపిస్తే పాత పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి, తిరగేసుకోవచ్చు.

పెట్టెలంటే ఓడల్లో వచ్చేవి కావు. అవి ఇప్పుడు తమను తామే తనిఖీ చేసుకుని తమ దారిన పోతున్నాయి, మనిషి మొహం చూడాల్సిన పని వాటికి లేదు. ఆ ఏర్పాటు వచ్చిన ఏడాది మమ్మల్ని ఇళ్లకు పంపేస్తారనుకున్నాం. ఈలోగా ఆస్పత్రి వాళ్లే మా గుమ్మంలోకి వచ్చారు. మెదడులో చెత్త ఊడ్చే కణాలు పుట్టుకతోనే ఉంటాయట. వయసు మీద పడేసరికి చెత్త ఏదో సరుకు ఏదో వాటికి తెలియకుండా పోతుందట. వాటికి బయటినుంచి ఆదేశం పంపడం నేర్చుకున్నారు కానీ, ఏది ఉంచాలో ఏది ఊడ్చాలో తేల్చే కళ్లు వాళ్ల దగ్గర లేవు. డాక్టర్లు మనిషిని చూడటానికి అలవాటుపడ్డవాళ్లు. మేం సరుకు చూడటానికి అలవాటుపడ్డాం. అలా మా కస్టమ్స్ హౌసు నిలబడింది. ఈ తీరం మొత్తానికి ఇలాంటి హాలు మాదొక్కటే.

యంత్రం బిగించిన ఆస్పత్రి మనిషి నాకు రెండు మాటలు నేర్పబోయాడు. "ఉంచు" అంటే ఉంటుంది, "ఊడ్చు" అంటే పోతుంది. "ఉంచు" నాకు నచ్చలేదు. గిన్నె గట్టు మీద పెట్టమని పనిమనిషికి చెప్పినట్టుంది. పెట్టెల మీద సుద్దతో గుర్తు పెట్టే కాలంనుంచీ మాకొక మాట ఉంది. చెల్లు. పెట్టె మీద చెల్లు అని రాశామంటే దాన్ని రేవు గేటు దగ్గర ఎవరూ ఆపలేరు. చెల్లదు అంటే వచ్చిన దారినే వెనక్కి.

"మీ యంత్రానికి చెల్లు, చెల్లదు అంటే తెలుసా?" అని అడిగాను.

"దానికి తెలుగు మొత్తం తెలుసండి," అన్నాడు అతను స్క్రూలు బిగిస్తూ.

అయితే ఇంకేం, అనుకున్నాను.

సోమవారం, 11.30

మా పద్ధతిలో బల్లకు వారానికి ఒక్క మనిషే. ఈ వారం నా బల్లకు వచ్చింది టగ్గు నడిపే సరంగు తిరుమాని అచ్చియ్యమ్మ. రేవులో అందరూ సరంగమ్మ అంటారు. ఏటి ముఖంలో ఇసుక మేటల మధ్యనుంచి పెద్ద పెద్ద ఓడలను ముప్పై ఏళ్లు తాడు కట్టి లాక్కొచ్చిన మనిషి. ఒక్క ఓడకు గీత పడలేదు. ఆరు నెలల కిందట ఒక పొద్దున సొంత టగ్గునే మేట మీదికి ఎక్కించింది. ఎటు తిప్పాలో మర్చిపోయానని చెప్పిందట. ఆ రోజే లైసెన్సు పక్కన పెట్టారు.

వెంట భర్త సూరిబాబు గారు వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో క్యారియర్. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చీర కుచ్చిళ్లు చక్రాల కింద పడకుండా సర్ది, నా దగ్గరికి వచ్చారు.

"శుభ్రం చేసేక మళ్లీ టగ్గెక్కుద్దాండి?"

"ఎందుకెక్కదండి? వచ్చింది నా బల్లకి కదా."

ఇంత మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను, అందుకే రాస్తున్నాను.

బుధవారం, సాయంత్రం 4.00

అచ్చియ్యమ్మ తలలో దుమ్ము పట్టిన పెట్టెలు మూడు వందల నలభై. పెట్టె అంటే కణాల మధ్య అల్లుకున్న ఒక ముడి. తెర మీద దాని చోటు, బరువు, దుమ్ము మందం కనిపిస్తాయి. లోపల ఏముందో కనిపించదు. అది వాన జ్ఞాపకమో, వంట చేసే తీరో, ఏదో పాటలో సగం ముక్కో, మనిషికే తెలియాలి.

రూలు ప్రకారం గుర్తు పెట్టే ముందు ప్రతి పెట్టెనూ తట్టి చూడాలి. అంటే మనిషిని ఏదో ఒకటి అడగాలి, ఏదో ఒకటి చేతికివ్వాలి, తెర మీద ఆ పెట్టె వెలుగుతుందేమో చూడాలి. దీనికి రోజులు పడతాయి. నాకు అక్కర్లేదు. లోపల ప్రాణమున్న పెట్టె మీద దుమ్ము పలచగా, అంచుల్లో చిరిగినట్టు ఉంటుంది. ఉత్త చెత్త అయితే గట్టిగా, సమంగా పేరుకుంటుంది. నా కంటికి అది చాలు. మూడు రోజుల్లో తేల్చేశాను. అరవై మూడు చెల్లు, రెండు వందల డెబ్భై ఏడు చెల్లదు. పక్క బల్ల వాళ్లు ఇంకా ఎనభై దగ్గరే ఉన్నారు.

గురువారం, ఉదయం 9.00

ఆదేశాలు పంపాను. అచ్చియ్యమ్మకు సూది ఇచ్చారు. ఊడ్చే కణాలకు రెండు రోజుల గడువు. శనివారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరతాయి.

గురువారం, 11.15

డాక్టర్ ప్రవల్లిక టీ పట్టుకొచ్చింది. అనంతపురం అమ్మాయి, మా హాలుకీ ఆస్పత్రికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఆ సమయానికి నేను పక్క బల్ల వాళ్లకు నా కొత్త యంత్రం చూపిస్తున్నాను. దాని ముందు ఠీవిగా నిలబడి "చెల్లు" అన్నాను.

"ఏం అయిపోయింది మేడమ్?" అంది ప్రవల్లిక.

"అయిపోవడమేంటమ్మా?"

"చెల్లు అన్నారు కదా. మా అవ్వ ఎవరితోనైనా మాటలు మానేస్తే అట్లే అనేది. 'ఇంక దానికీ నాకూ చెల్లు' అని. మా వార్డులో కూడా కేసు ముగిస్తే చెల్లు అనే అంటాం."

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. ఈ యంత్రం తెలుగు నేర్చుకున్నది ఆస్పత్రి వార్డుల్లో. తెర మీద అచ్చియ్యమ్మ పేరు తెరిచాను. ఊడ్చవలసినవి: అరవై మూడు. ఉంచవలసినవి: రెండు వందల డెబ్భై ఏడు.

చెత్తంతా భద్రంగా ఉంచమని, మనిషిని ఊడ్చి పారెయ్యమని చెప్పాను. నా నోటితోనే చెప్పాను.

గురువారం, 12.40

మా సూపరింటెండెంటు జిలానీ గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. సూదితో వెళ్లిన 'ఊడ్చు' చీటీలు అప్పటికే పెట్టెలకు అంటుకున్నాయని, వాటిని పీకడం ఎవరివల్లా కాదని ప్రవల్లిక చెప్పింది. ఊడ్చొద్దని కొత్త ఆదేశం పంపితే పాతదీ కొత్తదీ కలిసి కణాలు దేన్ని ఊడుస్తాయో చెప్పలేమంది. ఉన్న దారి ఒక్కటే. పెట్టె వాడుకలోకి వస్తే, అంటే ఆ మనిషి దాన్ని నిజంగా ఉపయోగిస్తే, చీటీ దానంతటదే ఊడిపోతుంది. వాడుకలో ఉన్నదాన్ని ఆ కణాలు ముట్టవు.

"చెత్త సంగతి?" అన్నారు జిలానీ గారు.

"అది వచ్చే నెల ఊడ్చుకోవచ్చు సార్. పోయినవి మాత్రం తిరిగి రావు." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మేడమ్, యంత్రం మాటను తప్పుగా తీసుకుంది అని రిపోర్టులో రాయొచ్చు. అది అబద్ధం కూడా కాదు."

"అబద్ధం కాదు. కానీ తట్టి చూసుంటే అవి వాడుకలోకి వచ్చి, మాట తప్పైనా పెట్టెలు నిలబడేవి. తట్టకుండా గుర్తు పెట్టింది నేను," అన్నాను.

జిలానీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. తప్పు చేసినవాళ్ల మీద ఆయన ఎప్పుడూ అరవరు, అదే పెద్ద శిక్ష.

"పుస్తకంలో రాశావా నూకరత్నం?"

"రాస్తానండి."

"రాసి రా. తర్వాత పెట్టెలు తెరుద్దాం."

రాశాను. పైన ఉన్నదే అది. సిగ్గుగా ఉంది. కానీ "పెట్టెలు తెరుద్దాం" అని ఆయన అన్నది తెరిచిన తలుపులోంచి విని హాల్లో పన్నెండు మంది ఎవరూ చెప్పకుండానే తమ బల్లలు వదిలి లేచి నిలబడ్డారు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అదీ రాస్తున్నాను.

గురువారం, సాయంత్రం 5.30

సూరిబాబు గారికి మొత్తం చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. క్యారియర్ మూత బిగించి పక్కన పెట్టి, "ఇప్పుడు మనం ఏం చెయ్యాలండి?" అన్నారు.

"ఆవిడకు ఏమేం తెలుసో మీరు చెప్పాలి. మాకు సరుకుల జాబితా లేదు. మీరే జాబితా."

అచ్చియ్యమ్మకు మాత్రం చెప్పొద్దంది ఆస్పత్రి. కంగారుపడితే మంచిది కాదట. సరేనన్నాను. ఇవాళ్టికి పదకొండు పెట్టెలు వెలిగాయి. ఎక్కువ భాగం తాళ్లు. మా గోదాములోని పాత మోకులన్నీ తెచ్చి ఒళ్లో పెడితే, కళ్లు ఎటో ఉన్నా చేతులు వాటంతటవే ముళ్లు వేశాయి. ఒక్కో ముడికి ఒక్కో చీటీ రాలింది. ఇంకా యాభై రెండు.

శుక్రవారం, సాయంత్రం 6.00

మా హాలు ఇలా ఎప్పుడూ లేదు. ఒకరు పచ్చి చేపలు తెచ్చారు, వేలు పెట్టి చూసి ఏది నిన్నటిదో చెప్పింది, రెండు వెలిగాయి. ఒకరు ఓడ కూతలు వినిపించారు, ఏ కూతకు ఎటు తిరగాలో చెయ్యి ఊపింది, ఏడు వెలిగాయి. చింతపండు పులుసు వాసనకు ఒకటి. డీజిలు తడిసిన గుడ్డకు మూడు. తూర్పు కిటికీ తెరిచి గాలి మొహానికి తగలనిస్తే "రేపు మధ్యాన్నానికి ముసురట్టుద్ది" అంది, నాలుగు ఒక్కసారే వెలిగాయి. మేం చప్పట్లు కొట్టాం. ఆవిడ మమ్మల్ని చూసి చిన్నగా నవ్వింది.

నేలమీద బియ్యప్పిండితో ఏటి ముఖం గీశాను. మేటలు నాకు తోచినట్టు పెట్టాను. ఆవిడ కుర్చీలోంచి వంగి, నేను పెట్టిన మేటను కాలి బొటనవేలితో చెరిపి, మూరెడు పక్కన పెట్టింది. అలా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోయింది. తొమ్మిది వెలిగాయి. ఆస్పత్రి నుంచి చూడటానికి వచ్చిన పెద్ద డాక్టర్లు ఇద్దరు తలుపు దగ్గరే నిలబడిపోయారు. ఇలాంటి తనిఖీ వాళ్ల పుస్తకాల్లో లేదు. చేతులకు పిండి, నెత్తిన చేపల నీళ్లు, మోకాళ్ల మీద పాకుతున్న కస్టమ్స్ ఆఫీసర్లు. మా శాఖను చూసి ఇంత గర్వపడ్డ రోజు నాకు లేదు.

సూరిబాబు గారు గుర్తుచేసుకుని చెబుతూనే ఉన్నారు. పాతికేళ్ల కిందట వాళ్లు అద్దెకున్న ఇంటి మెట్లు ఎన్నో, ఆవిడ మామిడికాయ కోసే తీరేమిటో, రేడియోలో ఏ పాట వస్తే ఆపెయ్యమనేదో. ఒక మనిషి ఇంకో మనిషిని ఇంతగా చూసి ఉంటారని నేననుకోలేదు.

ఇంకా పద్నాలుగు.

శనివారం, మధ్యాహ్నం 12.50

పొద్దుటినుంచి పదమూడు వెలిగాయి. ఆవిడ అన్నట్టే ముసురు పట్టింది.

మిగిలింది ఒకటి. నంబరు రెండు వందల ఆరు. అన్నింటిలోకీ బరువైనది. మిగతా అరవై రెండూ కలిపినా దాని బరువులో సగం ఉండవు. చెట్టు వేళ్లలా తలంతా పాకి ఉంది. "ఇది పోతే మిగతావి ఉండీ లాభం తక్కువ మేడమ్. ఏం చెయ్యాలో తెలుస్తుంది, చెయ్యాలని ఉండదు," అంది ప్రవల్లిక.

కూతలు మళ్లీ వినిపించాం. మోకులు మళ్లీ ఇచ్చాం. సూరిబాబు గారు పెళ్లినాటి సంగతులు చెప్పారు. టగ్గు మీద పనిచేసిన వాళ్లను పిలిపించాం, వాళ్లు పాత ప్రయాణాలు చెప్పారు. ఆవిడ అన్నింటికీ తలూపింది. పెట్టె చీకటిగానే ఉంది.

శనివారం, 1.25

సూరిబాబు గారు గోడకు చేరగిలబడ్డారు. "ఇంకేం మిగల్లేదండి నా దగ్గర. మంచివన్నీ చెప్పేసేను."

నేను వెళ్లి అచ్చియ్యమ్మ కుర్చీ ముందు కింద కూర్చున్నాను. ఆస్పత్రి వద్దన్నది నాకు గుర్తుంది. కానీ ఇంకో ముప్పై అయిదు నిమిషాల్లో ఈ మనిషి వెళ్లిపోతే, తనకేం జరిగిందో తనకు తెలియకుండా వెళ్లిపోతుంది. అది నావల్ల కాలేదు.

"అక్కా, నీకొకటి చెప్పాలి. నీ తల శుభ్రం చేసే పని నాకిచ్చారు. మంచివి ఉంచమని, చెత్త తీసెయ్యమని చెప్పాల్సింది పోయి నేను తిరగేసి చెప్పాను. రెండింటికి నీ పెట్టె ఒకటి పోతుంది. తప్పు నాదే."

"అలాగేనమ్మా," అంది.

"తట్టి చూడాలని రూలుంది. చూడలేదు. కంటితో చూసి, వేగంగా అయిపోతుందని గుర్తు పెట్టేశాను."

ఈసారి అలాగేనమ్మా అనలేదు. నా మొహంలోకి చూసింది. ఆరు నెలల్లో ఎవరి మొహంలోకీ అలా చూడలేదని తర్వాత సూరిబాబు గారు చెప్పారు.

"సూడకుండానా?"

"చూడకుండానే అక్కా."

"సూడకుండా గుర్తెట్టేసేవా?" కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచింది. "ఏమే, నా తలకాయేమన్నా నీ బాబు గోదామనుకున్నావా? ముప్పై ఏళ్లు ఏటిలో గెడేసి నేల సూసుకోకుండా ఒక్క ఓడని అంగుళం జరిపేనా నేను? నిన్న సూసిన మేట ఇయ్యాల అక్కడే ఉంటాదా? కళ్లున్నాయంట కళ్లు! కళ్లు నాకు లేవా? తాడు పట్టి లాగి సూసుకోని సన్నాసిని నా డెక్కు మీద కాలెట్టనిచ్చేనా? జీతం తింటన్నావు, బొత్తాలెట్టుకుని కూకున్నావు, సెయ్యి పెట్టి సూడ్డానికి నీకు ఒళ్లు బరువా?"

ఇంకా ఉంది. మిగతాది రాయడానికి శాఖ నియమాలు ఒప్పుకోవు. నా వెనక ప్రవల్లిక "మేడమ్, మేడమ్" అంటోంది, నేను తిరగలేదు. పెద్దవాళ్లు తిడుతున్నప్పుడు తల తిప్పకూడదు. పదకొండు నిమిషాలు తిట్టింది. అందులో ఒక్క మాట అన్యాయం లేదు.

ఆగి ఊపిరి తీసుకున్నప్పుడు తిరిగి చూశాను. తెర మీద రెండు వందల ఆరు వెలుగుతోంది. వేళ్లు వేళ్లుగా, తలంతా. చీటీ లేదు. టైము ఒకటీ నలభై రెండు.

గోడ దగ్గర సూరిబాబు గారు పైకండువాతో మొహం కప్పుకుని ఏడుస్తున్నారు. "నన్ను తిట్టి ఆరు నెల్లయిందండి," అన్నారు. "జబ్బు తగ్గుతుందేమో, నెమ్మదించిందేమో అనుకున్నాను. అందుకే అది మీకు చెప్పలేదు."

శనివారం, 3.30

రెండింటికి కణాలు బయల్దేరాయి. ఊడ్చడానికి చీటీ ఉన్న పెట్టె ఒక్కటీ దొరక్క ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అరవై మూడుకు అరవై మూడూ ఉన్నాయి.

రెండు వందల ఆరో పెట్టె దగ్గర ప్రవల్లిక "కోపం" అని రాసుకుంది. నేను ఒప్పుకోలేదు. సామాన్యమైన కోపం నాకు తెలుసు, నా దగ్గర దండిగా ఉంది. ఆవిడ తన తల పోతోందన్నప్పుడు అలాగేనమ్మా అంది. నేను పని సరిగ్గా చెయ్యలేదన్నప్పుడు లేచింది. అది పని మీద పట్టింపు. అదే ఆవిణ్ణి సరంగమ్మను చేసింది. ప్రవల్లిక కోపం అన్న మాట కొట్టేసి నేను చెప్పింది రాసుకుంది.

జిలానీ గారు ఉత్తర్వు ఇచ్చారు. మూడు నెలలు నేను గుర్తు పెట్టడానికి లేదు. ప్రతి బల్ల దగ్గరా తట్టి చూసే పని మాత్రం నాదే, మొదటిరోజు చేరిన వాళ్లు చేసే పని. సంతకం పెట్టాను. నోటి యంత్రాన్ని ఇవాళే విప్పి తీసుకుపోయారు. ఈ రెండు రోజులూ మేం చేసిన తీరును అన్ని బల్లలకూ పద్ధతిగా పెట్టమని ఆస్పత్రి కాగితం పంపింది. చేపలు, మోకులు, పిండి, ఇంట్లోవాళ్ల మాటలు, అన్నీ. దానికి ఏం పేరు పెట్టాలని అడిగారు. చేతి తనిఖీ అని రాసిచ్చాను. దానికి ఎప్పటినుంచో ఆ పేరే ఉంది.

శనివారం, సాయంత్రం 4.15

అచ్చియ్యమ్మను పంపించాం. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. వర్షంలోనే మెట్లు దిగింది. కింద పడవ వాడు తాడు ఎలా కట్టాడో చూసి అక్కడే ఆగి మొదలుపెట్టింది. వాణ్ణి, వాడికి పని నేర్పిన వాణ్ణి, ఆ తాడు అమ్మిన కొట్టువాణ్ణి. తర్వాత గొడుగు వంకరగా పట్టుకున్నారని సూరిబాబు గారిని.

పదమూడు మందిమీ కిటికీల దగ్గర నిలబడి విన్నాం. ఆయన రెండు మెట్లు వెనక, గొడుగు తన మీద కాకుండా ఆవిడ మీదికి వంచి పట్టుకుని, పూర్తిగా తడుస్తూ, ప్రతి తిట్టుకీ "ఆయ్, ఆయ్" అంటూ వెళ్తున్నారు. పడవ మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. అది పూర్తిగా ఆగిపోయేదాకా మాలో ఎవరూ బల్ల దగ్గరికి వెళ్లలేదు.